తైవాన్ వెళ్తే కిన్‌మెన్‌ కూడా చూసి రండి

తైవాన్ అనగానే తైపీ 101, నైట్ మార్కెట్లు, మెట్రో గురించే అందరూ రాస్తారు. అవన్నీ బాగుంటాయి, కాదనను. కానీ ఈ దీవి దేశమా, చైనాలో భాగమా అన్న గొడవ ఏంటో కళ్ళారా చూడాలంటే మాత్రం తైవాన్ చేతిలో ఉన్న కిన్‌మెన్ అనే చిన్న దీవికి వెళ్లాలి. తైపీ ఊళ్లోనే ఉన్న సోంగ్‌షాన్ ఎయిర్‌పోర్ట్ నుంచి విమానంలో సుమారు గంట.

మ్యాప్ తీసి చూడండి, కిన్‌మెన్ చైనా తీరాన్ని ఆనుకుని, షియామెన్ నగరానికి ఎదురుగా ఉంటుంది. కాగితాల మీద ఇది తైవాన్ ప్రావిన్స్ కూడా కాదు, ఎదురుగా చైనా తీరంలో ఉన్న ఫూజియన్ ప్రావిన్స్. 1949 అక్టోబర్‌లో మావో సైన్యం ఇక్కడి గునింగ్‌తౌ ఒడ్డున దిగి ఓడిపోయింది కాబట్టి ఇది తైపీ చేతిలో మిగిలింది. 1958 ఆగస్టు 23న మొదలై 44 రోజుల్లో చైనా వైపు నుంచి నాలుగున్నర లక్షలకు పైగా ఫిరంగి గుండ్లు ఇక్కడ పడ్డాయి, ఆ తర్వాత కూడా రోజు విడిచి రోజు పేలుస్తూ 1979 జనవరి 1న గానీ ఆపలేదు.

ఇప్పుడు ఆ ఒడ్డున ఇసుకలో వరసగా కాంక్రీట్ దిమ్మెలు, వాటిలోంచి సముద్రం వైపు వాలుగా పొడుచుకొచ్చిన తుప్పు పట్టిన ఇనుప కమ్ములు, వాటి వెనక షియామెన్ ఆకాశహర్మ్యాలు. అక్కడే నిలబడిపోయాను. నా ఫోన్ దానంతట అదే చైనా నెట్‌వర్క్ పట్టేసింది, రోమింగ్ బిల్లు టెన్షన్ వద్దనుకుంటే నెట్‌వర్క్‌ని మాన్యువల్‌గా పెట్టుకోండి.

జైషాన్ సొరంగం తప్పకుండా చూడండి, పడవలు దాచడానికి గ్రానైట్ కొండని తొలిచారు, లోపల సముద్రపు నీళ్లు, చల్లగా ఉంటుంది. బెయ్‌షాన్‌లో 48 స్పీకర్లు బిగించిన గోడ ఉంది, అవతలి ఒడ్డుకి ప్రచారం వినిపించడానికి కట్టారు.

బస విషయానికొస్తే, హోటల్ కంటే నేషనల్ పార్క్ వాళ్ళు బాగు చేయించిన పాత మండువా ఇళ్లే మేలు. షుయ్‌తౌ ఊళ్లో అలాంటివి చాలా ఉన్నాయి. మేం దిగిన ఇంట్లో బాత్రూమ్ ఇరుకు, గోడలకి చెమ్మ, ఇంటావిడకి ఇంగ్లీష్ రాదు, అయినా ట్రాన్స్‌లేటర్ యాప్ పట్టుకుని ఎంత ఓపిగ్గా మాట్లాడిందో! శాకాహారులు ముందే చెప్పుకోవాలి, పొద్దున అందరూ తినే గంజిలో మాంసం ఉంటుంది. తైపీలో ఆ ఇబ్బంది లేదు, శాకాహార హోటళ్లు చాలా ఉన్నాయి. బస్సులు ఉన్నాయి కానీ చాలాసేపు ఆగాలి, నలుగురుంటే టాక్సీ నయం.

వీసా సంగతి. భారత్ తైవాన్‌ని దేశంగా గుర్తించలేదు కాబట్టి ఎంబసీ ఉండదు, ఆ పని మనకి చెన్నైలోని తైపీ ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్ చూస్తుంది. అమెరికా లాంటి దేశాల వీసా ఉన్నవాళ్ళకి ఆన్‌లైన్ పర్మిట్ దొరుకుతుంది, షరతులు చూసుకోండి. కిన్‌మెన్ నుంచి షియామెన్‌కి ఫెర్రీ అరగంటే కదా అని ఎక్కేయకండి, చైనా వీసా విడిగా కావాలి, పైగా అది తైవాన్ నుంచి బయటికి వెళ్లినట్టే లెక్క, సింగిల్ ఎంట్రీ వీసా అక్కడితో అయిపోతుంది.

వసంతంలో పొగమంచుకి విమానాలు ఆగిపోతుంటాయి, తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోండి. పాత గుండ్ల ఇనుముతో చేసే కత్తులు కొంటే చెక్‌ఇన్ బ్యాగ్‌లోనే పెట్టాలి.