మహబూబ్‌నగర్‌లో జర్మన్ క్లాసులు: నర్సింగ్ చేసినవాళ్లు చేరొచ్చా?

బీఎస్సీ నర్సింగ్ అయిపోయి జర్మనీ ప్రయత్నాల్లో ఉన్న మన పాలమూరు పిల్లల కోసం రాస్తున్నా. న్యూటౌన్‌లో మొబైల్ షాపు పైన నడిచే క్లాసుల్లో నేను జర్మన్ మొదటి రెండు మెట్లు, ఏ1, ఏ2 పూర్తి చేశాను. పాఠం చెప్పే మేడం కోసం ధైర్యంగా చేరండి, బయట కట్టిన ఫ్లెక్సీని మాత్రం నమ్మకండి.

మనలో చాలామందిది పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఆన్‌లైన్‌లో జర్మన్‌ని ఇంగ్లిష్‌లో చెప్తుంటే ఒకేసారి రెండు భాషలతో కుస్తీ పట్టాలి. ఇక్కడ మేడం నేరుగా తెలుగులోంచే చెప్తారు. 'వైల్' అంటే ఎందుకంటే, దాని వెనక వచ్చే వాక్యంలో క్రియ చివరికి పోతుంది, అందరూ తికమకపడేది అక్కడే. బోర్డు మీద 'వైల్ ఇష్ మ్యూడె బిన్' అని రాసి, కింద 'నేను అలసిపోయి ఉన్నాను' అని రాసి, 'బిన్' కిందా 'ఉన్నాను' కిందా గీత గీసి, "చూడమ్మా, పుట్టినప్పటి నుంచి మనం ఇట్లనే మాట్లాడుతున్నం కదా, భయమెందుకు?" అన్నారు. అంతే, ఆ టెన్షన్ పోయింది. ఏ నామవాచకానికి ముందు డెర్, డీ, దాస్‌లలో ఏది వస్తుందో మాత్రం బట్టీ పట్టాల్సిందే, దానికి అడ్డదారి ఉందని మేడం కూడా ఎప్పుడూ చెప్పలేదు. రోజూ చివర్లో ఒకరు పేషెంట్, ఒకరు నర్సు: నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, మందులు వేసుకున్నారా. నోరు విప్పని పిల్లను ఆమె వదలరు.

ఇక ఫ్లెక్సీ. 'ఆరు నెలల్లో బీ2, జర్మనీలో ఉద్యోగం' అట! బీ2 అంటే ఏ1, ఏ2, బీ1 దాటాక వచ్చే నాలుగో మెట్టు. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే సంస్థ లెక్క ప్రకారమే బీ2కి 45 నిమిషాల క్లాసులు 600 నుంచి 800 దాకా కావాలి. ఇక్కడ రోజుకు గంటన్నర, అంటే రెండు క్లాసులు. ఆదివారం తప్ప ఒక్కరోజూ మానకుండా వచ్చినా 600కే దాదాపు ఏడాది పడుతుంది. బీ2 వచ్చినా అయిపోదు, మన డిగ్రీని అక్కడి రాష్ట్ర అధికారులు గుర్తించాలి, చదువులో తేడా ఉందంటే ట్రైనింగో పరీక్షో పెడతారు. ఈ సంగతి ఆఫీసులో మనం అడిగితే తప్ప చెప్పరు. అప్పు తెచ్చి ఫీజు కట్టే ఇళ్లు మనవి, ఇది మొదటి రోజే చెప్పాలి, నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే.

బీ1 వినే పరీక్షలో కొన్ని భాగాలు ఒక్కసారే వినిపిస్తారు. ఇక్కడేమో చిన్న స్పీకరు, కింద బస్సుల హారన్లు. హెడ్‌ఫోన్లు కొనండని యాజమాన్యాన్ని అడిగాం, చూద్దాం అన్నారు. బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం విడివిడిగా రాసుకోవచ్చు, ఒక్కోదాంట్లో 100కి 60 రావాలి, తప్పింది ఒక్కటే మళ్లీ కట్టుకుంటే చాలు. ఇది తెలియక మొత్తం ఫీజు మళ్లీ కట్టడానికి సిద్ధమైనవాళ్లను చూశాను.

ఫీజు ఏ1కి 14 వేలు, రెండు విడతల్లో తీసుకుంటారు, పరీక్ష ఫీజు వేరే. చేరితే పొద్దున 7 గంటల బ్యాచ్‌లో చేరండి, రోడ్డు మీద అంత రొద ఉండదు, మేడం కూడా అడిగినన్నిసార్లు చెప్తారు.