మూడంగుళాల లిఫ్ట్ తర్వాత టకోమాకి ఏ టైరు మేలు: 265/75, 285/75, 255/85?

పోయిన నెల మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ట్రక్కుకి మూడంగుళాల లిఫ్ట్ అయిపోయింది. 33 టైర్లు ఆర్డర్ పెట్టేయనా?" లిఫ్ట్ అంటే సస్పెన్షన్ మార్చి బండిని ఎత్తించడం, 33 అంటే టైరు ఎత్తు అంగుళాల్లో. వాడిది కూడా నాలాగే మూడో తరం టొయోటా టకోమా పికప్ ట్రక్కు, అంటే 2016 నుంచి 2023 మధ్య వచ్చింది. టీఆర్‌డీ ఆఫ్‌రోడ్ మోడల్, వీ6 ఇంజిన్, ఆటోమేటిక్. ఇద్దరం అమెరికాలో, కొలరాడోలోని డెన్వర్ చుట్టుపక్కలే ఉంటాం. "ఆగరా, శనివారం ఇంటికి రా, టేపు పెట్టి కొలిచాక చూద్దాం" అన్నాను. ఇదే తొందరలో నేను నాలుగేళ్ల కింద చేసిన ఖర్చు వాడు చెయ్యకూడదని నా బాధ.

బండి మూడంగుళాలు లేచింది కాబట్టి పెద్ద టైరు పడుతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. లిఫ్ట్ వల్ల ఖాళీ పెరిగేది టైరుకి పైన, ఫెండర్ దగ్గర. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు టైరు రాసుకునేది మాత్రం వెనక వైపు, క్యాబ్‌ని ఫ్రేమ్‌కి బిగించే బాడీ మౌంట్ దగ్గర. ఆ దూరాన్ని లిఫ్ట్ పెంచదు. పైగా గుంతలో పడి సస్పెన్షన్ మొత్తం నొక్కుకుపోతే, లిఫ్ట్ లేని రోజుల్లో టైరు ఎక్కడిదాకా వెళ్లేదో ఇప్పుడూ దాదాపు అక్కడికే వెళుతుంది.

ఇంకో సంగతి. ఈ ట్రక్కు వెనక యాక్సిల్ ఒకే గొట్టం. స్ప్రింగుల కింద ఎంత లిఫ్ట్ వేసినా పైకి లేచేది ఫ్రేమే, యాక్సిల్ మధ్యలో గేర్లుండే డిఫరెన్షియల్ గుండు నేలకి ఎంత దూరంలో ఉందో అంతే ఉంటుంది. దాన్ని పైకి లేపేది టైరు మాత్రమే, అదీ పెరిగిన వ్యాసంలో సగం. కాబట్టి పెద్ద టైరు మీద ఆశ తప్పు కాదు. ఎంత పెద్దది అన్నదగ్గరే లెక్క కావాలి.

కంపెనీ ఇచ్చిన సైజు 265/70/16. వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ 16 అంగుళాలు. లెక్క కడితే టైరు మొత్తం ఎత్తు 30.6 అంగుళాలు. 265/75/16 అయితే 31.6. అందరూ 33 అని పిలిచే 285/75/16 నిజానికి 32.8. సన్నగా పొడుగ్గా ఉండే 255/85/16 అయితే 33.1. వెనక డిఫరెన్షియల్ దగ్గర వచ్చే లాభం వరసగా 13, 28, 31 మిల్లీమీటర్లు. రాళ్ల దారిలో 15 మిల్లీమీటర్ల తేడా చిన్నదేం కాదు, దాన్ని నేను తక్కువ చెయ్యను.

నేను మొదట వేసింది 285/75. షాపులో అడిగితే "లిఫ్ట్ ఉందిగా, పడతాయి" అన్నారు. పార్కింగ్‌లో ముందుకి నడిపినప్పుడు నిజంగానే బాగున్నాయి. ఇంటికొచ్చి స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ వేస్తే బరబరమని చప్పుడు. లోపలి ప్లాస్టిక్ లైనర్ కోశాను, మడ్ ఫ్లాప్ తీసేశాను, అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) పెంచి చక్రాన్ని కాస్త ముందుకి జరిపించాను. మామూలు రోడ్డు మీద చప్పుడు పోయింది. కొండదారిలో ఒక చక్రం రాయి ఎక్కినప్పుడు మాత్రం బాడీ మౌంట్‌కి తగులుతూనే ఉంది. దాని మూల కోసి, కొత్త రేకు పెట్టి వెల్డింగ్ చేయించడమే అసలు మందు. ఇక్కడ చాలామంది చేయిస్తారు. కానీ టైర్లు కొన్నాక, పిల్లలు వెనక సీట్లో ఉండగా ఆ చప్పుడు విన్నాక తెలుసుకోవాల్సిన విషయం కాదది. రాసుకుంటున్న టైరు పక్క గోడ నెమ్మదిగా తెగుతుంది, అది బయటపడేది హైవే మీద.

మరో తప్పు ఆ షాపులో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ ట్రక్కు రిమ్ వెడల్పు 7 అంగుళాలు. 285/75/16కి టైరు కంపెనీలు ఒప్పుకునే కనీస వెడల్పు 7.5. అంటే 285 వెయ్యాలంటే కొత్త రిమ్ములు కూడా కొనాలి. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు ఉబ్బినట్టు కూర్చుని, ట్రెడ్ మధ్యలో ముందు అరుగుతుంది. నావి అలాగే అరిగాయి. 265/75కి 7 అంగుళాలు సరిపోతుంది, 255/85కీ సరిపోతుంది.

అసలు సమస్య కొండ మీద తెలిసింది. ఈ వీ6 ఇంజిన్ కాగితం మీద 278 హార్స్‌పవర్. కానీ టర్బో లేని ఇంజిన్‌కి ఎత్తు వెయ్యి అడుగులు పెరిగేకొద్దీ సుమారు 3 శాతం బలం తగ్గుతుంది. డెన్వరే 5,280 అడుగులు. ఐ-70 హైవే మీద ఐజన్‌హవర్ టన్నెల్ దగ్గరికి వచ్చేసరికి 11,000 దాటుతుంది, అక్కడ మూడో వంతు బలం పోయినట్టే. ఆ నీరసానికి మనం పెద్ద టైరు తోడు చేస్తున్నాం. కంపెనీ ఇచ్చిన యాక్సిల్ గేర్ 3.91, ఈ అంకె తగ్గేకొద్దీ చక్రాల దగ్గర లాగే బలం తగ్గుతుంది. 285/75తో అది 3.64 ఉన్నట్టు పనిచేస్తుంది, 255/85తో 3.62, 265/75తో 3.78. ఈ ఆటోమేటిక్ మామూలు టైర్లతోనే ఎత్తు మీద ఐదో గేరుకీ నాలుగుకీ మధ్య ఊగిసలాడుతుంది. 285లతో నేను ఆ ఎత్తుదారి మొత్తం మూడో గేరులో, ఇంజిన్ అరుస్తుంటే, లారీల లైన్‌లోనే వెళ్లేవాణ్ణి. దీనికి మందు గేర్లు మార్చడం. ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్స్‌కీ కలిపి రెండు వేల డాలర్ల పైమాటే.

బరువు కూడా కలపాలి. కంపెనీ టైరు 40 పౌండ్ల చుట్టూ ఉంటే, లోడ్ రేంజ్ E (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అక్షరం, C కంటే E గట్టిది) ఉన్న 285 ఒక్కోటి 55 దాటుతుంది. తిరిగే బరువు కాబట్టి బ్రేకు మీద కాలు వేసిన ప్రతిసారీ తెలుస్తుంది, టన్నెల్ దాటి కిందికి దిగేటప్పుడు మరీ.

255/85 సంగతి వేరు. ఇది నాకు మనసులో ఇష్టమైన సైజు. ఎత్తులో 285 కంటే కాస్త ఎక్కువే, వెడల్పు మాత్రం కంపెనీ టైరు కంటే తక్కువ. సన్నగా ఉంటుంది కాబట్టి మెత్తటి మంచుని, బురద నీళ్లని కోసుకుని కింద గట్టి నేలని పట్టుకుంటుంది. మలుపులో బయటి అంచు రాసుకోవడం తక్కువ. కానీ ఎత్తు ఎత్తే కదా, బాడీ మౌంట్ దగ్గర చోటు దీనికీ చాలదు, గేరు బాధ ఇంకాస్త ఎక్కువ. పైగా ఈ సైజు చేసే కంపెనీలు తక్కువ, దొరికేది ఎక్కువగా మడ్ టెర్రెయిన్ రకం. ఆ పెద్ద దిమ్మల ట్రెడ్ బురదలో బాగుంటుంది గానీ మంచు గడ్డకట్టిన తారు రోడ్డు మీద జారుతుంది. మేం చలికాలంలో తిరిగేది ఎక్కువగా అలాంటి రోడ్డే. దారిలో ఒకటి పోతే చిన్న ఊరి షాపులో దొరకదు. వేసవంతా యూటాలో రాళ్ల మీదే గడిపేవాళ్లకి, గేర్లు మార్చడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకి మాత్రం నేను 285 కంటే ముందు దీన్నే చెబుతాను.

మిగిలింది 265/75. లిఫ్ట్ వేసిన ట్రక్కు మీద చూడ్డానికి కొంచెం చిన్నగా కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. బావమరిది మొదటి అభ్యంతరం కూడా అదే. కానీ దేన్నీ కోయక్కర్లేదు, మహా అయితే లైనర్ కాస్త వెనక్కి నొక్కాలి. పాత రిమ్ములు పనికొస్తాయి. స్పేర్ టైరు కింద తన చోట్లోనే కూర్చుంటుంది, 33లైతే అక్కడ ఇరుకు. స్పేర్ గురించి ఎందుకంటే, ఫోర్ వీల్ వేసి నడిపేటప్పుడు ఒక చక్రం వేరే సైజులో ఉంటే డిఫరెన్షియల్స్ మీద భారం పడుతుంది. ఏ సైజైనా అయిదు కొనాలి, బడ్జెట్ అక్కడి నుంచే వేసుకోవాలి.

స్పీడోమీటర్ తేడా కూడా ఇందులోనే తక్కువ. మీటరు 60 మైళ్లు చూపిస్తే 265/75తో నిజం వేగం 62. 285తో 64 దాటుతుంది, 255/85తో దాదాపు 65. ఓడోమీటర్ కూడా ఆ మేరకు తక్కువ తిరుగుతుంది, అందుకే పెద్ద టైరు వేశాక మైలేజ్ ఘోరంగా పడిపోయిందని అనిపించేదాంట్లో కొంత ఈ లెక్క తేడానే.

సైజు తేలాక లోడ్ రేంజ్ చూడండి. ఈ ట్రక్కు వెనక పడవ లాగకపోతే, రాళ్ల మీద రోజూ తిరగకపోతే, E రేంజ్ అక్కర్లేదు. అది గట్టిగా ఉండి ఖాళీ ట్రక్కుని గుంతగుంతకీ ఎగరేస్తుంది. సీ (C) రేంజ్ దొరికితే అదే తీసుకోండి. కానీ ఏ ఎల్‌టీ (లైట్ ట్రక్ రకం) టైరైనా డోర్ స్టిక్కర్ మీద రాసిన గాలి సరిపోదు, అదే బరువు మొయ్యాలంటే దానికి ఎక్కువ గాలి ఒత్తిడి (పీఎస్ఐ) కావాలి. షాపువాళ్లని లోడ్ టేబుల్ చూసి చెప్పమని అడగండి. పక్క గోడ మీద మూడు శిఖరాల మధ్య మంచు పువ్వు గుర్తు, అంటే మంచులో పట్టు పరీక్ష నెగ్గిన టైరు గుర్తు, ఉందో లేదో కూడా చూడండి. సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా కొలరాడోలోని డాట్సెరో, మోరిసన్ ఊళ్ల మధ్య ఐ-70 మీద ఫోర్ వీల్ ఉన్న బండికైనా ట్రెడ్ లోతు కనీసం 3/16 అంగుళం ఉండాలి.

శనివారం వాడి ట్రక్కు కింద దూరి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి బాడీ మౌంట్ దగ్గర ఖాళీ కొలిచాం. పాత టైరుతోనే రెండు వేళ్లు కూడా సరిగ్గా దూరలేదు. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "265/75, సీ రేంజ్, అయిదు చూడు బావా" అన్నాడు. వచ్చే వారం బిగిస్తారు. ఆ సాయంత్రమే రివర్స్‌లో స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూస్తాం, యాభై మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ బిగిస్తాం, ఆ తర్వాతే కొండెక్కడం.