కడపలో పిల్లల కౌన్సెలింగ్: పని బాగుంది, గోడలు బాగాలేవు

లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి ఈ కేంద్రం పేరు చెప్పడం లేదు. మా మేనల్లుణ్ణి తీసుకెళ్తున్నది నేనే.

వాడు పుట్టింది, ఆరో తరగతి దాకా చదివింది కువైట్‌లో. అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. ఇంటిల్లిపాది అకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి, తండ్రి ఉద్యోగం మీదే ఆధారం. మా బావ పని మారాక అక్కను, పిల్లవాణ్ణి ఇక్కడికి పంపించి తను అక్కడే ఉండిపోయాడు.

కడపలో బడికి పోవడం మొదలైనప్పటి నుంచి వాడికి పొద్దున్నే కడుపునొప్పి. స్కానింగ్‌లో ఏమీ తేలలేదు. పెద్ద దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించాం. మా నాన్నయితే "బడి ఎగ్గొట్టే వేషాలు" అని తీర్పు చెప్పేశాడు.

కౌన్సెలర్ మేడమ్ ఆ మాట ఒప్పుకోలేదు. దిగులు, భయం పిల్లల్లో చాలాసార్లు కడుపునొప్పిగానో తలనొప్పిగానో బయటపడతాయని, ఆ నొప్పి నటన కాదని వాడి ముందే మాకు చెప్పింది. ఎప్పుడు వస్తుందో రాసుకోమని వాడికి ఒక నోటుబుక్కు ఇచ్చింది. అందులో తేలిన సంగతి ఏమిటంటే, మొదటి పీరియడ్ తెలుగు ఉన్న రోజుల్లోనే నొప్పి. వాడు తెలుగు గలగలా మాట్లాడతాడు కానీ చదవలేడు. అక్కడ నేర్చింది ఇంగ్లీషు, హిందీ, అరబిక్. ఇక్కడ నిలబడి పాఠం చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతాడు, వెనక బెంచీ నుంచి "కువైట్ దొరగారూ" అని నవ్వులు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వాడి అనుమతి అడిగి మరీ ఆమె టీచరుతో మాట్లాడింది. కొన్నాళ్లు పైకి చదివించబోమని టీచరు ఒప్పుకున్నారు. ఇప్పుడు మా అమ్మ రాత్రిపూట పేపర్లో సినిమా పేజీ పెట్టి ఒత్తులు నేర్పిస్తోంది. నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు.

నాకు బాగా నచ్చినవి రెండు. వాడు చెప్పుకున్న మాటలు అక్క ఎంత అడిగినా ఆమె బయటపెట్టలేదు. ప్రాణాపాయం అనిపిస్తే తప్ప చెప్పనని మొదటి రోజే అంది. రెండోది, కువైట్‌లో శుక్రవారం సెలవు కనుక మా బావ వీడియోలో కూర్చునేలా ఆ రోజే సమయం ఇచ్చింది. ఇక్కడ సాయంత్రం ఐదు అంటే అక్కడ రెండున్నర. తండ్రి ముఖం చూసి వాడు అంతసేపు మాట్లాడటం ఈ ఊరొచ్చాక అదే మొదలు.

ఇక లోపాలు. వై.వి. స్ట్రీట్‌లో బట్టల కొట్టు నడిపేవాణ్ణి, గల్లా దగ్గర కూర్చున్న మనిషిని బట్టి మార్కులు వేస్తాను. ఇక్కడి రిసెప్షన్ అమ్మాయి "బాబుకేం సమస్య?" అని హాలంతా వినపడేలా అడుగుతుంది. గదుల మధ్య ఉన్నది ప్లైవుడ్డే, పక్క గది మాటలు వినిపిస్తాయి. లోపల అంత గుట్టు పాటించే మేడమ్‌కు ఈ ప్లైవుడ్డు ఎందుకు కనపడదో! ఫారాలన్నీ ఇంగ్లీషులోనే. ఫీజు 800, అడిగితేనే రసీదు.

ఎక్కడికి వెళ్లినా క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. ఈమెకు ఉంది, నంబరు వెబ్‌సైటులో సరిచూశాను. ఫీజు భారమైతే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

శుక్రవారం కావాలంటే ముందే చెప్పి పెట్టుకోండి. కువైట్, ఖతర్ తండ్రులందరూ ఆ రోజే అడుగుతున్నారు.