కె6-3 ప్లస్ అని చెప్పి కె6-2 అమ్ముతున్నారు: కొనబోయేవారు గమనించగలరు

పాత కంప్యూటర్ల విడిభాగాలు అమ్మే ఒకాయన దగ్గర, ఇక్కడే కర్నూలులో, నేను పోయిన నెల ఏఎండీ కె6-3 ప్లస్ 450 అని నమ్మి 3,500 రూపాయలకు కొన్న ప్రాసెసర్, మూత మీది రాతలను గీకేసి కొత్తవి ముద్రించిన మామూలు కె6-2 అని తేలింది. కడప, అనంతపురం నుంచి కూడా ఇదే సరుకు అడుగుతున్నారని ఆయనే చెప్పినందువల్ల ఈ విషయం రాస్తున్నాను.

సూపర్ సాకెట్ 7 బోర్డు (ఈ రకం ప్రాసెసర్లను పెట్టుకునే పాత మదర్‌బోర్డు) ఉన్నవారు ఈ చిప్పు కోసం ఎంతగా వెతుకుతారో అందరికీ తెలుసు. ల్యాప్‌టాప్‌ల కోసం 2000లో వచ్చిన కె6-3 ప్లస్‌లో 256 కిలోబైట్ల ఎల్2 క్యాష్ (తరచూ వాడే డేటాను దగ్గర ఉంచుకునే వేగమైన రెండో అంచె మెమరీ) చిప్పులోనే ఉంటుంది. కె6-2కు ఎల్2గా బోర్డు మీద ఉన్న క్యాషే దిక్కు.

కొనేటప్పుడు సిస్టమ్ ఆన్ చేసి చూపించారు. తెర మీద కె6-2 అని కనిపించింది. అదేమిటని అడిగితే, "బోర్డు బయోస్ పాతదండీ, ప్లస్ చిప్పులను గుర్తుపట్టదు" అన్నారు. బయోస్ అంటే ఆన్ చేయగానే బోర్డును నడిపించే ప్రోగ్రాము; చాలా బోర్డుల విషయంలో ఆ మాట నిజమే కాబట్టి నేను ఇంకేమీ అడగలేదు.

ఇంటికి వచ్చి, చిప్పు మీద ఏసీజెడ్ (2.0 వోల్టుల రకమని చెప్పే గుర్తు) అని ఉన్నందున, చిప్పుకు అందే కోర్ వోల్టేజీని 2.0కు, బోర్డు వేగమైన బస్సును 100 మెగాహెర్ట్జ్‌కు, దాన్ని హెచ్చించే మల్టిప్లయర్‌ను 4.5కు, బోర్డు మీది జంపర్లతో (చిన్న పిన్నుల తొడుగులతో) పెట్టాను. డాస్ నడిచేది, విండోస్ 98 మాత్రం మధ్యలోనే బిగుసుకుపోయేది. ర్యామ్ మార్చి, పవర్ సప్లై మార్చి, రెండు వారాలు పోగొట్టుకున్నాను. అమ్మినాయనకు ఫోన్ చేస్తే వోల్టేజీని 2.4కు పెంచి చూడమన్నారు. ఈ మాట మాత్రం ఎవరూ వినకండి, 2.0కు తయారైన అసలు చిప్పుకు, అందులోనూ మన ఎండల్లో, అది ప్రాణాంతకం.

చివరికి సీపీయూఐడీ (తానెవరో ప్రాసెసరే చెప్పే గుర్తింపు సంఖ్యలు) చదివే చిన్న డాస్ ప్రోగ్రామును నడిపితే ఫ్యామిలీ 5, మోడల్ 8 అని వచ్చింది. కె6-3 ప్లస్ అయితే మోడల్ 13 రావాలి. బోర్డు క్యాష్‌ను బయోస్‌లో ఆపేసి కొలిచినప్పుడు కూడా చిప్పులోని మొదటి అంచె (ఎల్1) డేటా క్యాష్ పరిమాణమైన 32 కిలోబైట్లు దాటగానే మెమరీ వేగం పడిపోయింది, అంటే లోపల ఎల్2 లేనే లేదు. కోర్ వోల్టేజీని కె6-2కు తగినట్టు 2.2 చేయగానే విండోస్ నిలకడగా నడిచింది.

డబ్బు తిరిగి ఇమ్మంటే, ఆన్ చేసి చూపించాం కదా అని నిరాకరించారు. మూత మీది రాతలను మార్చగలరు గానీ సీపీయూఐడీ జవాబును మార్చలేరు కనుక, ఆ ప్రోగ్రామును బూట్ ఫ్లాపీలో వేసుకుని వెళ్లి, ఎదురుగా నడిపి, మోడల్ 13 కనిపించాకే డబ్బు చేతికివ్వండి. ఫ్లాపీ పెట్టనివ్వకపోతే కొనకుండా వచ్చేయండి.