వరి పొలంలో పది రెట్ల భూతద్దం: దోమేదో, మిరిడ్ నల్లేదో తేలుతుందా?

నగల పనివాళ్లు కంటికి ఆనించి చూసే మడత భూతద్దం, 10ఎక్స్‌ది, ఆన్‌లైన్‌లో మూడొందల లోపే దొరికింది. పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది, ముఖ్యంగా సాంబ మసూరి వేసేవాళ్లకి, ఎందుకంటే ఆ రకం సుడిదోమకి తట్టుకోదు. వరి రసం పీల్చే చిన్న పురుగది, కింద దోమ అన్నదల్లా దాన్నే.

దుబ్బు మొదట్లో కదిలిందల్లా దోమే అనుకుని మందు కొట్టేస్తుంటారు. అక్కడే మిరిడ్ నల్లి కూడా తిరుగుతుంటుంది. వరసకి రెండూ చుట్టాలే, రెండింటికీ సూది ముక్కే, సైజూ మూడు నాలుగు మిల్లీమీటర్లే. కాకపోతే దోమ ఆ ముక్కుతో వరి మొదలు దగ్గర రసం పీలుస్తుంది, మిరిడ్ అదే ముక్కుతో ఆకు తొడుగులో దోమ దాచిన గుడ్లు వెతికి మరీ జుర్రేస్తుంది, పిల్ల దోమల్నీ వదలదు.

అద్దంలో మిరిడ్ ఒళ్లు ఆకుపచ్చ, తలా, తలని ఆనుకుని వెనకున్న భాగమూ నలుపు, మీసాలు పొడుగు, రెక్కలు వీపు మీద పరుచుకుని ఉంటాయి. దోమ గోధుమ రంగు, మీసాలు పొట్టి, రెక్కలు ఇంటి కప్పులా వాలి ఉంటాయి. వెనక కాలి మీద కదిలే చిన్న ముల్లు కూడా కనబడిందంటే ఇంక అనుమానం అక్కర్లేదు, దోమ జాతే. రంగు చూసి, వరిలోనే ఉండే పచ్చదోమని మిరిడ్ అనుకునేరు, దాని ఒళ్లు వెనక్కి సన్నబడుతూ పోతుంది.

చిరాకు ఒక్కటే. పురుగు అద్దానికి అంగుళం దూరంలో ఉండాలి, మిరిడ్ అంతసేపు ఆగుతుందా? పలచని ప్లాస్టిక్ కవర్లో పట్టి చూడటం మేలు. లైటున్న 60ఎక్స్ రకం మాత్రం పొలానికి దండగ, పురుగు కాలు తప్ప ఏమీ కనబడదు, చేయి కాస్త వణికితే అదీ పోతుంది.

పిలకల దశలో దుబ్బుకి 10-15 దోమలు, ఈనే దశలో 20-25 ఉంటేనే మందు అంటారు కదా, మిరిడ్‌లని కూడా దోమల్లో కలిపేస్తే ఆ లెక్కకి అర్థమేముంది? పైగా ఒక దుకాణంలో దోమ అనగానే డెల్టామెత్రిన్ చేతిలో పెట్టారు. అలాంటి పైరిథ్రాయిడ్ మందులు కొడితే మిరిడ్‌లు పోయి దోమ ఇంకా ఎక్కువవుతుంది.

అద్దం కేసు నల్లగా ఉంది, బురదలో పడితే దొరకదు. కొన్న రోజే ఎర్ర తాడు కట్టుకోండి.