హిమాలయ పూల పేర్లు తేల్చడానికి 10ఎక్స్ హ్యాండ్ లెన్స్: ఏళ్ల తరబడి వాడాక

హిమాలయాలకు ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు బూట్ల గురించి, రెయిన్‌కోట్ల గురించి అడుగుతుంటారు. పూల మీద ఇష్టంతో వెళ్లేవాళ్లకు మాత్రం నేను ముందు హ్యాండ్ లెన్స్ కొనమని చెబుతాను. నగల షాపుల్లో రాళ్లు పరీక్షించేవాళ్లు కంటికి ఆనించుకునే మడత భూతద్దమే ఇది. నాది 10ఎక్స్, అంటే పది రెట్లు పెద్దగా చూపేది, మూడు అద్దాలు కలిపి చేసింది, లోహపు తొడుగు ఉంది. కొన్నేళ్లుగా వానాకాలంలో ఉత్తరాఖండ్ కొండలకు నాతోపాటు వస్తోంది.

ఫోన్ యాప్ ఉండగా ఇదెందుకని చాలామంది అంటారు. యాప్ నేనూ వాడతాను. ప్రజాతి వరకు, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపు వరకు, తరచూ సరిగ్గానే చెబుతుంది. జాతి దగ్గరే చిక్కు. పై నుంచి తీసిన ఫొటోలో పువ్వు వెనక ఏముందో, కాడ మీద నూగు ఎలా ఉందో కనబడదు. పేరు తేల్చేవి చాలాసార్లు అవే.

చమోలీ జిల్లాలోని పూలలోయనే తీసుకోండి. 1982లో నేషనల్ పార్క్ అయింది, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. జులై, ఆగస్టుల్లో లోయకి ముందున్న ఘాంఘరియా ఊరు దాటి లోపలికి వెళ్తే అయిదు రేకుల పసుపు పూలు ఎన్నో. నిలబడి చూస్తే అన్నీ ఒకటే మొక్క అనిపిస్తాయి. వంగి, రేకు మొదట్లో లెన్స్ పెట్టండి. అక్కడ చిన్న తేనె గ్రంథి ఉండి, రేకు నూనె రాసినట్టు మెరుస్తుంటే అది రానన్‌క్యులస్. అలా లేకపోతే పువ్వు వెనక చూడాలి. రేకుల కింద ఉండే అయిదు రక్షక పత్రాల సందుల్లో మరో అయిదు సన్నటి పత్రాలు ఉంటే పొటెంటిల్లా కావచ్చు, జియం కావచ్చు. ఇక ఆకు చూడాలి. మూడు భాగాల ఆకు, అడుగున దట్టంగా వెండి రంగు నూగు ఉంటే పొటెంటిల్లా. ఒకే పొడవాటి ఈనెకు రెండు వైపులా చిన్న ఆకులు వరసగా ఉంటే జియం కావచ్చు, అయితే కొన్ని పొటెంటిల్లాలకీ ఇలాంటి ఆకులే ఉంటాయి. ఇదంతా రెండు నిమిషాల పని. ఆ తేడా మొదటిసారి కళ్లారా చూసినప్పుడు కలిగే సంతోషం యాప్ పేరు చూపించినప్పుడు నాకెప్పుడూ కలగలేదు.

తెల్ల అనిమోనీ పూలదీ అంతే. రేకులనుకునేవి నిజానికి రక్షక పత్రాలే. అనిమోనీ రివ్యులారిస్‌కి వాటి వెనక వైపు నీలిఛాయ ఉంటుంది. దగ్గర్లోని సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ దారిలో రాళ్ల సందుల్లో కనిపించే నీలి గసగసాల పువ్వు, మెకనాప్సిస్ అక్యులియేటాకి లెన్స్ అక్కర్లేదు. కాడకీ ఆకులకీ ఉన్న ముళ్లే చెప్పేస్తాయి. మన పొలం గట్ల మీది బలురక్కసిదీ అదే కుటుంబం. అయినా ఆ కేసరాల గుత్తిని ఒకసారి లెన్స్‌లో చూడకుండా ముందుకు కదలకండి.

ఇబ్బందులున్నాయి. 10ఎక్స్ లెన్స్‌కి పువ్వు రెండున్నర సెంటీమీటర్ల దగ్గరికి రావాలి. పార్కులో పూలు కోయకూడదు కాబట్టి మనమే మోకాళ్ల మీద కూర్చోవాలి, అదీ తడి నేలలో. గాలికి పువ్వు ఊగుతుంటే ఎడమ చేత్తో కాడ పట్టుకోక తప్పదు. పొగమంచుకి అద్దం మసకబారుతుంది, మెత్తటి నూలుగుడ్డ జేబులో ఉంచుకోండి. మడత దగ్గరి స్క్రూ అప్పుడప్పుడు వదులవుతుంది. దీనికి ముందు వాడిన చౌకరకంలో తేమ చేరి అద్దాల మధ్య మబ్బు పట్టేసింది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. టోపీ లాంటి పై రేకుతో ఊదారంగులో పూసే అకోనైట్, వెనక తోకలా పొడుచుకొచ్చే డెల్ఫీనియం, రెండూ విషమే. వాటిని ముట్టుకున్న చేత్తో లెన్స్‌ని కంటి దగ్గరికి తేవద్దు, ముందు కడుక్కోండి.

లెన్స్‌ని ఫోన్ కెమెరాకి ఆనించి ఫొటోలు కూడా తీయొచ్చు. పువ్వు ముందు, వెనక, ఆకు రెండు వైపులా, కాడ మీది నూగు తీసి, ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో రాసుకుంటే రాత్రి రూమ్‌లో కూర్చుని పోల్చుకోవడం తేలిక. తెలిసినవాళ్లను అడిగినా ఆ ఫొటోలు చూసి జవాబిస్తారు, ఒక్క పువ్వు ఫొటో పంపితే వాళ్లూ ఊహించాల్సిందే.

20ఎక్స్ కొనకండి. కనిపించే మేర మరీ చిన్నది, వెలుతురూ తగ్గుతుంది, గాలిలో నిలవదు. లైట్ ఉన్న రకం మబ్బు రోజుల్లో బాగుంటుంది కానీ ఆ వానల్లో బ్యాటరీ తడవకుండా చూసుకోవడం పెద్ద టెన్షన్. మళ్లీ కొనాల్సి వస్తే నేను లైట్ లేని 10ఎక్స్‌నే కొంటాను.