స్పానిష్‌లో బీఏ, ఎంఏ: ఐదేళ్లు చదివి, ఆరేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది స్పానిష్ నేర్చుకుంటే జీతం ఎంతొస్తుంది అని లెక్క చెప్పే సమీక్ష కాదు. ఉద్యోగం సంగతి కింద ఒక ముక్క రాస్తాను గానీ, నేను చదివింది భాష కంటే సాహిత్యమే ఎక్కువ. ఆధునిక సాహిత్యం, అంటే 1898లో క్యూబా, ప్యూర్టోరికో, ఫిలిప్పీన్స్ స్పెయిన్ చేజారిపోయిన దగ్గర మొదలుపెట్టి ఇటు మొన్నమొన్నటి చిలీ రచయిత బొలాన్యో దాకా. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ, మూడేళ్ల బీఏ, ఆ పైన రెండేళ్ల ఎంఏ. పేరు మాత్రం అడగొద్దు, తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి.

మాది అనంతపురం జిల్లా. సీటొచ్చిందని చెబితే నాన్న "ఏ దేశందిరా అది?" అన్నాడు. ఒక దేశం కాదు, ఇరవై దేశాల్లో అధికార భాష అని గొప్పగా చెప్పాను. "ఇరవై ఉంటే ఒక దాంట్లోనన్నా పని దొరక్కపోదులే" అని ఫీజు కట్టాడు.

మొదటి ఏడాది మనవాళ్లకి హాయిగానే ఉంటుంది. దాదాపు రాసినట్టే చదవడం. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క, ఈ తేడా పలకడానికి క్లాసులో కొందరు నెల రోజులు కుస్తీ పడితే, గుర్రం, బర్రె అంటూ పెరిగిన నోటికి అది ఒక లెక్కే కాలేదు. నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకి 'తూ', 'ఉస్తెద్' ఉన్నాయి కాబట్టి అదీ వెంటనే ఎక్కింది. చెడగొట్టింది ఇంగ్లిష్ మీడియమే: త అనాల్సిన చోటల్లా ట అంటాం. 'తోమాతే'ని టొమాటే అన్నప్పుడల్లా మా మేడమ్ కళ్లు మూసుకునేవారు. ఇక కోరికలు, అనుమానాలు చెప్పడానికి సబ్జంక్టివ్ అనే క్రియారూపం ఒకటుంది, దాని గురించి ఇప్పుడు తలుచుకోవాలని లేదు.

అసలు గొడవ మూడో సెమిస్టర్‌లో వచ్చింది. అప్పటికి హోటల్లో కాఫీ అడగడం, మా ఊరి గురించి పది వాక్యాలు రాయడం వచ్చు, అంతే. అలాంటి వాళ్ల చేతిలో స్పెయిన్ రచయిత ఉనమూనో 1914 నాటి నవల 'నియెబ్లా' పెట్టారు. అందులో కథలోని పాత్ర, ఉనమూనో ఉండే సలమాంకా ఊరికి వెళ్లి రచయిత తలుపు తట్టి తన చావుబతుకుల గురించి వాదనకి దిగుతాడు. తెలుగులో చెబితే ఎవరైనా నోరు తెరిచి వింటారు. మేమేమో వాక్యానికి ఆరు మాటలు డిక్షనరీలో వెతుక్కుంటూ, వెతికేసరికి వాక్యం మొదలు మర్చిపోతూ, ఆ తలుపు దాకా చేరనే లేదు. భాషకి ఇంకో రెండు సెమిస్టర్లు ఇచ్చి ఉంటే సగం మంది సాహిత్యాన్ని అసహ్యించుకునేవాళ్లు కాదు. దానికి తోడు ఏడాదికో గెస్ట్ లెక్చరర్. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు ముగించేవారు, లేదా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు.

పుస్తకాలు? లైబ్రరీలో ఒక్కో నవల ఒక్కో కాపీ, అదీ ఎప్పుడూ ఎవరో తీసుకునే ఉంటారు. మాకు వచ్చేవి జిరాక్సులు, ఒక్కో నవల నుంచి నాలుగైదు పేజీలు. పరీక్షలో మ్యాజికల్ రియలిజం (వింతల్ని మామూలు సంగతుల్లా చెప్పే పద్ధతి) లక్షణాలు రాయండి అని వస్తుంది, రాస్తాం. అర్జెంటీనా రచయిత కోర్తాసర్ నవల 'రాయువెలా' 1963లో వచ్చింది, 155 అధ్యాయాలు, వరసగా ఒకలా చదవొచ్చు, రచయిత ఇచ్చిన పట్టిక ప్రకారం గెంతుతూ ఇంకోలా చదవొచ్చు. ఈ సంగతి చక్కగా రాసి పదికి ఎనిమిది తెచ్చుకున్నాను, పుస్తకం ముఖం కూడా చూడకుండా. ఈ కోర్సు మీద నా పెద్ద కంప్లెయింట్ ఇదే. చదవకుండానే పాసవ్వొచ్చు.

నాకు సాహిత్యం లోపలికి దారి దొరికింది మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో వల్ల. 1953లో వచ్చిన ఆయన కథల పుస్తకంలో 'నోస్ అన్ దాదో లా తియెర్రా' అని చిన్న కథ ఉంది, మనకి భూమి ఇచ్చారు అని అర్థం. చిన్నది కాబట్టి మొత్తం జిరాక్స్ ఇచ్చారు, అదే నా అదృష్టం. మెక్సికో విప్లవం అయిపోయాక రైతులకి ప్రభుత్వం భూమి పంచుతుంది. పెద్ద మైదానం, చెట్టు లేదు, నీడ లేదు, నీళ్లు లేవు. ఇరవై మందికి పైగా బయల్దేరితే మిగిలింది నలుగురే, నడుస్తూ ఉంటారు. ఒక్క వాన చుక్క పడుతుంది, నేలలో చిన్న గుంట పడుతుంది, ఇంకో చుక్క కోసం చూస్తారు, రాదు. ఈ నేలలో నాగలి దిగదయ్యా అని అధికారికి చెబితే, కాగితం మీద రాసివ్వండి అంటాడు, మీరు పోరాడాల్సింది జమీందార్లతో గానీ మీకు భూమి ఇచ్చిన ప్రభుత్వంతో కాదంటాడు.

హాస్టల్లో రాత్రి పదకొండుకి చదివాను. డిక్షనరీ తీయాల్సిన మాటలు చాలానే ఉన్నాయి, కానీ తీయలేదు. మబ్బు పట్టి, నాలుగు చినుకులు రాల్చి కర్ణాటక వైపు వెళ్లిపోతే అరుగు మీద కూర్చున్న ముసలాళ్లు ఏమీ అనకుండా లేచిపోవడం నేను చూసినదే కదా. తర్వాత ఆయన నవల 'పేద్రో పారమో' జిరాక్స్ కాకుండా పుస్తకమే తెప్పించుకుని రెండుసార్లు చదివాను. చచ్చిపోయినవాళ్ల గొంతులతో నిండిన ఊరు. మొదటిసారి ఎవరు బతికున్నారో ఎవరు పోయారో తెలియక తికమక, రెండోసారికి అలవాటైంది.

ఆ తర్వాత బాగా గుర్తుండేది స్పెయిన్ కవి, నాటకకర్త లోర్కా. ఎంఏలో 'బెర్నార్దా ఆల్బా ఇల్లు' నాటకం వేశాం. భర్త పోయాక ఆ తల్లి ఎనిమిదేళ్లు సంతాపమంటూ కూతుళ్లని ఇంట్లో పెట్టి తలుపులు మూస్తుంది, వేదిక మీద మగపాత్ర ఒక్కటీ కనబడదు. ఒకమ్మాయి వాళ్లమ్మ చూడ్డానికొచ్చారు, స్పానిష్ ఒక్క ముక్క రాదు, అయిపోయాక "అచ్చం మా అత్తగారే" అన్నారు. లోర్కా అది రాసింది 1936లో, ఆ ఆగస్టులోనే ఆయన్ని కాల్చి చంపారు, మృతదేహం ఇప్పటికీ దొరకలేదు. నాటకం మొదటిసారి ప్రదర్శించింది 1945లో, అదీ బ్యూనస్ ఐరిస్‌లో. కల్చర్ పేపర్లో స్పెయిన్ నియంత ఫ్రాంకో సెన్సార్‌షిప్ గురించి తారీఖులుగా బట్టీ పట్టింది ఇక్కడ అర్థమైంది. కొన్నాళ్లు సెన్సార్ ఆఫీసులో పని చేసిన స్పెయిన్ రచయిత సేలా కూడా తన నవల 'లా కోల్మెనా'ని 1951లో బ్యూనస్ ఐరిస్‌లోనే అచ్చు వేయించుకోవాల్సి వచ్చింది, చూడండి మరి.

సిలబస్‌లో ఆడవాళ్లు దాదాపు లేరు. చిలీ కవయిత్రి గాబ్రియెలా మిస్త్రాల్ లాటిన్ అమెరికాకి మొదటి సాహిత్య నోబెల్ తెచ్చింది 1945లో, మాకు ఆవిడ పేరిట ఒకే ఒక్క కవిత. మెక్సికో రచయిత్రి రొసారియో కస్తెయానోస్‌ని ఉద్యోగంలో చేరాక సొంతంగా చదువుకున్నాను.

ఇక ఉద్యోగం. హైదరాబాద్‌లోనే ఒక కంపెనీలో మెక్సికో, అర్జెంటీనా క్లయింట్ల ఇన్‌వాయిస్‌లు చూస్తాను. క్లాసులో వినిపించినవన్నీ స్పెయిన్ సీడీలే. అర్జెంటీనావాళ్లు 'తూ' బదులు 'వోస్' అంటారని చదివాం గానీ ఫోన్‌లో వింటే బుర్ర తిరిగింది. మొదటి వారంలో ఒక మెక్సికో ఆయన డబ్బు 'ఆఓరీతా' పంపిస్తానన్నాడు, నిఘంటువు ప్రకారం ఇప్పుడే అని మేనేజర్‌కి చెప్పేశాను. మూడు రోజులు రాలేదు. మనం "ఇదిగో వచ్చేస్తున్నా" అని ఇంట్లోంచి కదలకుండా అంటామే, అది. స్పానిష్ ఎంత వచ్చో తేల్చే డెలే పరీక్షలో బీ2 స్థాయి మొదటిసారి పోగొట్టుకుంది కూడా విని అర్థం చేసుకోలేకే. అందులో చదవడం, రాయడం కలిపి ఒక గ్రూపు, వినడం, మాట్లాడడం కలిపి ఇంకోటి, దేనికి దానికి 50కి 30 రావాలి, ఒకదాంట్లో ఎక్కువొచ్చింది ఇంకోదానికి కలపరు. పాసైతే ఆ సర్టిఫికెట్‌కి గడువు లేదు, అది మాత్రం లాభం.

జీతం కోసమే అయితే ఐదేళ్లు అక్కర్లేదు, గట్టిగా రెండేళ్లు భాష నేర్చుకుని ఆ పరీక్ష రాయండి. సాహిత్యమే కావాలనుకుంటే చేరండి, కానీ సెమిస్టర్‌కి ఒక్క పుస్తకమైనా అట్ట నుంచి అట్ట దాకా చదవండి, అది పరీక్షకి పనికిరాకపోయినా. స్టార్లు ఇవ్వాలంటే కోర్సుకి రెండున్నర.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఆ భూమి కథ నాన్నకి చెప్పాను. ఆ నలుగురిలో ఒకడు, ఇంట్లో మేత వేసేవాళ్లు లేరని, కోటు కింద కోడిని పెట్టుకుని అంత దూరం మోసుకొస్తాడు. అధికారి మాటలకి నాన్న ఏమీ అనలేదు, అవి ఆయనకి కొత్త కాదు. భోజనాలయ్యాక, చేయి కడుక్కుంటూ అడిగాడు, "ఇంతకీ ఆ కోడి బతికిందా?"

బతికింది నాన్నా, ఊరు దాకా తీసుకెళ్లాడు.